గాయకుడైన నాన్నగారు పోయారు. ఆయన పాటలూ పేరూ నిలబెట్టడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నాన్నగారు డెబ్బైల చివర్నుంచి తొంభైల మధ్య దాకా సినిమాల్లో పాడారు, కొన్ని భక్తి క్యాసెట్లు చేశారు, రెండేళ్ళ క్రితం పోయారు. ఇంట్లో ఒకరు ట్రస్టు పెట్టి ఊళ్ళో విగ్రహం కట్టిద్దామంటున్నారు. ఇంకొకరు యూట్యూబులో ఆయన పాటలు పెట్టిన ప్రతివాళ్ళ మీదా స్ట్రైకు (హక్కులు మావంటూ వీడియో తీసేయించే ఫిర్యాదు) వేద్దామంటున్నారు. ఈలోగా ఎవరో వచ్చి ఆయన గొంతును ఏఐతో మళ్ళీ వాడుకుంటామని అడిగారు. ఘంటసాలగారి పేరు, బాలుగారి పేరు నిలిచినట్టు ఈయన పేరూ నిలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది ప్రశ్న.

సూటిగా చెబుతాను. పాటల్ని పదిమందినీ పాడుకోనివ్వండి. గొంతునీ పేరునీ మాత్రం గట్టిగా పట్టుకోండి. ఈ ఏడాది మీరు చేయాల్సిన పనులు మూడే. ఆయన పాడినవాటికి, స్వరపరిచినవాటికి జాబితా రాయండి. ఇంట్లో ఉన్న టేపుల్నీ కాగితాల్నీ కాపాడండి. కుటుంబం తరఫున మాట్లాడేందుకు ఒక్క మనిషిని పెట్టుకోండి. విగ్రహం తొందరేమీ లేదు, అది ఎక్కడికీ పోదు.

నేను వకీలును కాను. ఒకప్పుడు ఒక ఆడియో కంపెనీ క్యాటలాగు విభాగంలో పనిచేశాను. తర్వాత గాయకుల, సంగీత దర్శకుల ఇళ్ళకు వెళ్ళి ఈ హక్కుల కాగితాల పనే చూస్తున్నాను. చట్టం గురించి నేను చెప్పేవి మీ వకీలుకు చూపించుకున్నాకే ముందుకెళ్ళండి.

మొదట చేదు మాట. మీ నాన్నగారు పాడిన సినిమా పాటల్లో చాలావాటి మీద మీ కుటుంబానికి ఆస్తి హక్కంటూ లేదు. పాట రాసినవారిది ఒక హక్కు, బాణీ కట్టినవారిది ఒకటి, రికార్డింగుది ఇంకొకటి. ఆ రోజుల్లో ఇవన్నీ నిర్మాత చేతికి, అక్కణ్ణుంచి ఆడియో కంపెనీ చేతికి వెళ్ళిపోయేవి. పాడినవాడికి చట్టంలో ప్రదర్శకుడి హక్కు అనేది 1994 సవరణతో గానీ రాలేదు. రాయల్టీ అడిగే వీలు 2012 సవరణతో వచ్చింది. అంతకుముందు పాటకింత అని చేతిలో పెడితే అంతటితో సరి. గాయకుల సంఘం ఇస్రా 2013లో పుట్టింది, వాద్యకారులను కూడా కలుపుకుని ఇప్పుడు ఇసామ్రా అయింది. వారసులుగా అక్కడ దరఖాస్తు పెట్టండి. అయితే 1980ల నాటి పాటల మీద పెద్ద మొత్తాలు వస్తాయని మాత్రం లెక్కలు కట్టుకోకండి.

పాడినవాడి స్థానం ఎంత బలహీనమో 2017లో దేశమంతా చూసింది. బాలుగారు తన యాభై ఏళ్ళ పాటల యాత్ర మీద అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజాగారి నుంచి నోటీసు వచ్చింది, తన బాణీలు అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని. ఆ పాటల్ని ఊరూరా ఇంటింటా నిలబెట్టిన గొంతుకే ఆ మాట ఎదురైంది. ఎవరిది న్యాయమని ఆ రోజుల్లో చాలా రచ్చ జరిగింది. నా మటుకు నాకు అందులో కనిపించింది ఒక్కటే: పాటకు గాయకుడు ముఖం కావచ్చు, యజమాని మాత్రం కాడు. యజమాని కానివాడి వారసులు యూట్యూబులో స్ట్రైకులు వేయడానికి కూర్చోవడం మొదటికే మోసం. హక్కు లేకుండా స్ట్రైకు వేస్తే ఎదురు కేసు మీ మీదికే రావచ్చు.

ఒక పాటలో ఎన్ని పొరలుంటాయో చూడండి. ‘మాయాబజార్’లో లాహిరి లాహిరి పాట అందరికీ తెలిసిందే. సినిమా 1957లో వచ్చింది. రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు, అంటే 2017 చివరికి ముగిసింది. సాహిత్యం పింగళిగారిది. ఆయన 1971లో పోయారు, కాబట్టి మాటల హక్కు 2031 చివరి దాకా బతికే ఉంటుంది. బాణీ దగ్గరికి వచ్చేసరికి పేచీ. సినిమాకు సంగీత దర్శకుడిగా పేరు ఘంటసాలగారిది. ఆయన పోయింది 1974లో, అలా చూస్తే గడువు 2034. కానీ ఈ పాట వరస కట్టింది సాలూరి రాజేశ్వరరావుగారు. ఆయన 1999 దాకా ఉన్నారు, అలా చూస్తే 2059. ఒకే పాటలో ఒక పొర ఊరందరిదీ అయిపోయింది, ఇంకో పొర ఇంకా ఎవరో ఒకరిదే. “పాత పాటే కదా, ఎవరైనా వాడుకోవచ్చు” అనేవాళ్ళూ “నాన్నగారి పాట కాబట్టి మాదే” అనేవాళ్ళూ ఇద్దరూ పొరబడేది ఇక్కడే.

ఇక మీకు నిజంగా ఏమైనా ఉందంటే అది ఆ భక్తి క్యాసెట్లలో ఉంది. చాలామంది పట్టించుకోని చోటు ఇదే. సినిమాకు పనిచేసిన సంగీత దర్శకుడి హక్కు నిర్మాతకు పోవడానికి చట్టంలో దారి ఉంది. ప్రైవేటు క్యాసెట్టు బాణీకి ఆ దారి అంత సులువుగా వర్తించదు. క్యాసెట్టుకు డబ్బు పెట్టిన కంపెనీ రికార్డింగుకు యజమాని అవుతుంది, అంతే. బాణీ మీద హక్కు కట్టినవారిదే, దాన్ని రాతపూర్వకంగా రాసిచ్చి ఉంటే తప్ప. ఆ రోజుల్లో అయ్యప్ప పాటలకు, సాయి పాటలకు, ఊరి అమ్మవారి పాటలకు గాయకుడే కూర్చుని హార్మోనియం మీద వరస కట్టేసేవాడు. కవరు మీద “గానం, సంగీతం” అని రెండింటికీ ఒకే పేరు ఉంటుంది. మీ నాన్నగారి క్యాసెట్ల కవర్లు తీసి చూడండి. సంగీతం దగ్గర ఆయన పేరుంటే కథ వేరు.

కోస్తాలో ఒక కుటుంబానికి ఇలాగే జరిగింది. సినిమా పాటల కాగితాల కోసం ఇల్లంతా వెతికారు. క్యాసెట్టు కంపెనీతో చేసుకున్న ఒక్క పేజీ ఒప్పందం పాత చీటీల మధ్య దొరికింది. దానిలో రాసుకున్నది రికార్డింగు గురించి మాత్రమే, స్వరరచన ఊసే లేదు. ఆ స్వరాలన్నీ వాళ్ళ నాన్నగారి పేరు మీద ఐపీఆర్‌ఎస్‌లో వారసుల ద్వారా నమోదు చేయించాం. గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం అదే. వచ్చేది గొప్ప మొత్తమేమీ కాదు. కానీ ఏటా కార్తీకంలో, శబరిమల రోజుల్లో కాస్త కాస్త వస్తూనే ఉంది. దానికన్నా ముఖ్యం, ఆ పాటలకు ఇప్పుడు ప్రతి యాప్‌లోనూ ఆయన పేరు సరిగ్గా కనిపిస్తోంది.

ఒప్పందాలు చదివేటప్పుడు ఒక చిక్కు. “కాలపరిమితి రాయకపోతే అయిదేళ్ళే చెల్లుతుంది” అని ఎవరో ఒకరు మీకు చెబుతారు. చట్టంలో ఆ మాట ఉన్నది నిజమే, కానీ అది 1995 మే 10 తర్వాత జరిగిన ఒప్పందాలకు వర్తిస్తుంది. 1986 నాటి కాగితం చేతిలో పట్టుకుని అయిదేళ్ళ వాదన మొదలుపెడితే కంపెనీ వకీలు నవ్వుతాడు. తేదీ చూసుకోండి.

వారసత్వం కాగితాలు: మరణ ధ్రువపత్రం, మీసేవలో తీసుకునే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులంతా “ఫలానావారు మా తరఫున వ్యవహరిస్తారు” అని రాసిచ్చిన అంగీకారం, ఆ పని కోసమే విడిగా తెరిచిన బ్యాంకు ఖాతా. వీలునామా ఉంటే సరేసరి. లేకపోతే మాటామాటా పెరగకముందే రాసుకోండి. అమెరికాలో ప్రిన్స్ అనే పాప్ గాయకుడు 2016లో వీలునామా లేకుండా పోతే ఆస్తి వ్యవహారం తేలేసరికి 2022 వచ్చింది. మన దగ్గర అంత ఆస్తి ఉండదు కానీ తగాదాకు ఆస్తి పెద్దదై ఉండాలనేం లేదు. అన్నదమ్ములిద్దరూ చెరో కంపెనీకి ఒకే టేపు అమ్మిన ఇల్లు నాకు తెలుసు. ఆ రెండు కంపెనీలూ కలిసి ఆ పాటల్ని అటకెక్కించాయి. ఇప్పటికీ అవి ఎవరూ వినలేదు.

టేపుల సంగతికొస్తే, బూజు పట్టిన స్పూలును గానీ క్యాసెట్టును గానీ ఇంట్లో ప్లేయరులో పెట్టి చూడకండి. ఒక్కసారి తిరిగితే పూత ఊడిపోయి అక్షరాలా గాలికి పోతుంది. తుడవడం, ఆరబెట్టడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా తీయించండి. ఎంపీ3 మాత్రమే చేసిస్తానంటే ఆ మనిషికి ఇవ్వకండి. మూడు నకళ్ళు ఉంచండి, ఒకటి వేరే ఊళ్ళో బంధువుల ఇంట్లో. డబ్బా మీద పెన్సిలుతో రాసిన రాతల్నీ ఫొటో తీయండి, చాలాసార్లు రికార్డింగు తేదీకి అదొక్కటే ఆధారం. సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, ఆకాశవాణి కాంట్రాక్టు కాగితాలు, రికార్డు లేబులు మీది నంబర్లు, ఇవన్నీ జాబితాకు పనికొస్తాయి.

ఈ జాబితా విసుగు పుట్టించే పనే, కానీ ఆయన పేరు నిలబడేదీ పోయేదీ దీనివల్లే. ఇంగ్లీషులో పేరు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాస్తుంది, ఇంటి పేరు ముందొకసారి, వెనకొకసారి. దాంతో పాటల యాప్‌లలో ఒకే మనిషి నలుగురైపోతాడు. ఎవరైనా ఆయన పేరు కొట్టి వెతికితే పాతికో ముప్ఫయ్యో పాటలు కనిపిస్తాయి, మిగతావి వేరే పేరు కింద పడి ఉంటాయి. యుగళగీతాల్లోనైతే మగ గొంతు పేరే ఉండదు. జాబితా చేతిలో ఉంటే కంపెనీలకు రాసి సవరింపించవచ్చు. ప్రదర్శకుడిగా తన పేరు చెప్పించుకునే నైతిక హక్కు చట్టంలోనే ఉంది, మర్యాదగా ఉత్తరం రాస్తే చాలాచోట్ల పని అవుతుంది. వికీపీడియాలో వ్యాసం మీరే రాయకండి, అక్కడ సొంతవాళ్ళ రాతలు నిలవవు. మీ ఇంట్లోనే తీసిన మంచి ఫొటో ఒకటి, ఎవరైనా వాడుకోగలిగే స్వేచ్ఛా లైసెన్సుతో, వికీపీడియా బొమ్మలుండే కామన్స్‌లో పెట్టండి. దానివల్ల జరిగే మేలు పది ఇంటర్వ్యూల వల్ల జరగదు.

ఇప్పుడు అభిమానుల విషయం, మీ ఇంట్లో స్ట్రైకుల వాదన. గోదావరి జిల్లాల్లో ఒక సేకర్త దగ్గర ఒక పాత గాయకుడి అరుదైన రికార్డులుండేవి. ఓపిగ్గా శుభ్రం చేసి, సాహిత్యంతో సహా యూట్యూబులో పెట్టేవాడు. ఆ గాయకుడి కుటుంబంలో ఎవరో కుర్రాడు వరసపెట్టి స్ట్రైకులు కొట్టాడు. సేకర్తకు మనసు విరిగింది, ఛానలు మూసేశాడు, ఫైళ్ళు కూడా ఎవరికీ ఇవ్వనన్నాడు. కుటుంబం నన్ను పిలిచేసరికి అంతా అయిపోయింది. ఆ రికార్డుల్లో కొన్నిటికి ఇంట్లో నకలు లేదు. ఇలాంటి సేకర్తలకు ముందు ఫోన్ చేయాలి. నాన్నగారి సంతకం ఉన్న ఫొటో ఒకటి పంపండి, వాళ్ళ దగ్గరున్నదాని నకలు అడగండి. పేరు తప్పుంటే దిద్దమనండి. పాటను తనదిగా చెప్పుకుని డబ్బు చేసుకునేవాడు, గొంతు మార్చి పెట్టేవాడు, ఆయన పేరుతో చందాలు వసూలు చేసేవాడు, వీళ్ళ మీద మాత్రం జాలి చూపక్కర్లేదు.

ఘంటసాలగారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. యాభై ఏళ్ళు దాటినా ఎలా నిలిచారంటే, నా లెక్కలో కుటుంబం, ప్రభుత్వం, కంపెనీ, ఈ మూడూ చేసినదానికన్నా జనం చేసింది ఎక్కువ. ఆయన భగవద్గీత పోయినవారి ఇంటి ముందు మోగుతుంది, వైకుంఠ రథంలో మోగుతుంది. పాట ఒక సందర్భానికి అతుక్కుపోయిందన్నమాట. ఇక ఊరూరా ఘంటసాల పాటలు పాడేవాళ్ళున్నారు, ఆర్కెస్ట్రా గాయకుడికి ఆయన పాట రాకపోతే పిలుపే ఉండేది కాదు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక పదేళ్ళ పిల్లలు కూడా ఆ పాటలు నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పించింది ఎవరు? ఆయన తర్వాత ఆ సింహాసనం మీద కూర్చున్న బాలుగారే. తన ముందువాణ్ణి తనే మోసిన గాయకుడు అరుదు. బాలుగారు పోయాక ఆ వేదిక వాళ్ళబ్బాయి చరణ్ చేతికి వచ్చింది, ఇప్పుడు అక్కడ పిల్లలు బాలుగారి పాటలు పాడుతున్నారు.

అందుకే అంటున్నాను, పాడుకోనివ్వమని. మీ నాన్నగారి పాటల్లో నాలుగైదు ఏరండి. నేర్చుకోవడానికి వీలుగా స్వరంతో సహా సాహిత్యం రాయించి, కరావోకె ట్రాకు చేయించి, సంగీతం టీచర్లకు పంచండి. ఇవి బయట పెట్టేముందు మాటల, బాణీల హక్కుదారుల అనుమతి తీసుకోవాలి, బాణీ నాన్నగారిదే అయిన భక్తి పాటలైతే బాణీకి ఆ ఇబ్బంది ఉండదు. ఏటా వర్ధంతికి హాలు తీసుకుని సభ పెట్టడం మంచిదే, కానీ వేదిక మీద నలుగురు పెద్దలు మాట్లాడి శాలువాలు కప్పుకునే సభకు మనవల వయసువాళ్ళు రారు. పాటల పోటీ పెట్టండి. టికెట్టు పెట్టి సినిమా పాటలు పాడించేటట్టయితే ఐపీఆర్‌ఎస్ లైసెన్సు తీసుకోండి, ఆఖరి నిమిషంలో గొడవ ఉండదు.

గొంతు మీదికొద్దాం. ఇక్కడ నేను మెత్తబడను. 2024 జనవరిలో రెండు సంగతులు ఇంచుమించు ఒకేసారి జరిగాయి. ఒక తెలుగు సినిమాలో బాలుగారి గొంతును ఏఐతో తెచ్చారని, తమను అడగలేదని చరణ్‌గారు నోటీసు పంపించారు. అదే నెలలో రెహమాన్‌గారు ‘లాల్ సలాం’ పాట కోసం చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్య, షాహుల్ హమీద్‌ల గొంతుల్ని వాడారు, కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు ఇచ్చి. తేడా అడగడంలో ఉంది. మిమ్మల్ని అడగడానికి వచ్చినవాళ్ళు కనీసం రెండో దారిలో ఉన్నారు, అందుకు సంతోషించండి. కానీ వెంటనే సంతకం పెట్టకండి. ఒక్క పాటకే అని రాయించండి. సాహిత్యం ముందు మీకు చూపించాలి, ప్రకటనలకూ రాజకీయ పార్టీలకూ వాడకూడదు, పని అయ్యాక ఆ గొంతు నమూనా చెరిపేయాలి, పాట పేరు పక్కనే ఇది ఏఐ గొంతని రాయాలి, ఏఐ గొంతుగా మార్చడానికి ముందు ఆ పాట పాడిచ్చిన గాయకుడి పేరు కూడా వేయాలి. “అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా” అన్న మాట కనబడితే అక్కడితో ఆపేయండి. నన్నడిగితే, ఇంకా బయటికి రాని ఆయన అసలు రికార్డింగు ఒక్కటి ఇంట్లో ఉన్నా, ముందు అది విడుదల చేయండి.

దీంట్లో చట్టం మీకు అండగా ఉంటుందని పూర్తిగా నమ్ముకోవద్దు. బతికున్న గాయకుడి గొంతును కాపాడుతూ బొంబాయి హైకోర్టు 2024లో అరిజిత్ సింగ్ విషయంలో గట్టి ఉత్తర్వులే ఇచ్చింది. పోయినవారి దగ్గరికొచ్చేసరికి మన కోర్టుల ధోరణి వేరు. జయలలిత జీవితకథ సినిమా కేసులో మద్రాసు హైకోర్టు, సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు, ఇలాంటి హక్కులు మనిషితోనే పోతాయని, వారసులకు రావని చెప్పాయి. మీలాంటివాళ్ళకు ఎవరో ఒకరు అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ కథ చెబుతుంటారు. ఆయన పాత రికార్డుల రాయల్టీని 1973లోనే కంపెనీకి అమ్మేశారు. 1977లో ఆయన పోయాక కుటుంబం 1982లో గ్రేస్‌ల్యాండ్ ఇంటిని జనానికి తెరిచి, ఆయన పేరు మీద, బొమ్మ మీద నిలదొక్కుకుంది. నిజమే. కానీ టెనెసీ రాష్ట్రం 1984లో పోయినవారి పేరుకు వారసులే యజమానులని చట్టం చేసింది, మనకు అలాంటిది లేదు. మన దగ్గర దగ్గరి దారి ట్రేడ్‌మార్కు. సంగీత కార్యక్రమాల తరగతిలో నాన్నగారి పేరును నమోదు చేయించండి. పోయి ఇరవై ఏళ్ళు నిండని వ్యక్తి పేరుతో బయటివాళ్ళు దరఖాస్తు పెడితే, వారసుల అంగీకారం తెమ్మని రిజిస్ట్రారు అడగవచ్చు. ఆ గడువు మీకు ఇంకా బోలెడుంది.

విగ్రహం, ట్రస్టు, పురస్కారం గురించి ఒకే ప్రశ్న: ఆయనకు ఇష్టమేనా? ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు తన పేరు మీద విగ్రహం, ట్రస్టు, స్మారకం ఏవీ వద్దని 1997లోనే వీలునామాలో రాసుకున్నారు. ఆమె పేరుతో ఇచ్చిన పురస్కారం మీద మనవడు కోర్టుకెక్కితే 2024లో అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మీ నాన్నగారు ఎక్కడైనా, ఏ ఇంటర్వ్యూలోనైనా ఏమన్నారో వెతకండి. వద్దని అనలేదూ, మీకు డబ్బు ఉందీ అంటే, రోడ్డు కూడలిలో మాత్రం వద్దు. ప్రభుత్వ రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతివ్వకూడదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, అనుమతుల కోసం తిరిగే శక్తితో ఇంకో పని చేయవచ్చు. పేరు పెట్టడానికి సంగీతం నేర్పే చోటు మంచిది. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఘంటసాలగారి పేరుంది, నెల్లూరు సంగీత నృత్య పాఠశాలకు బాలుగారి పేరు 2020లోనే పెట్టారు. మీ స్థాయిలో ఊరి బడిలో ఒక సంగీతం టీచరు జీతం ట్రస్టు భరిస్తే చాలు.

భక్తి క్యాసెట్ల కవర్లు రెండు వైపులా ఫొటోలు తీసి ఇక్కడే కింద పెట్టండి, ఫోన్ నంబర్లు కనబడకుండా. “సంగీతం” దగ్గర ఎవరి పేరుందో, కంపెనీ పేరేమిటో, ఏ ఏడాదో తెలిస్తే తర్వాత ఎవరికి రాయాలో చెబుతాను. ఏఐ వాళ్ళిచ్చిన కాగితం మీద ఈలోగా సంతకం పెట్టకండి.